గజ్జె కట్టడానికి గడువు లేదు

సాయంత్రం ఆరు గంటలకు కరీంనగర్‌లో ఏ డ్యాన్స్ స్కూలు ముందు నిలబడినా ఒకటే దృశ్యం. లోపల గురువు తట్టుకర్రతో తాళం వేస్తుంటే ఏడెనిమిదేళ్ల పిల్లలు అడుగులు వేస్తుంటారు. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు కూర్చుని ఉంటారు. ఒళ్లో పిల్లల బ్యాగు, చేతిలో ఫోను. అయినా కాస్త పరికించి చూడండి. లోపలి తాళానికి బయట కూర్చున్న వాళ్లలో ఒకరిద్దరి పాదం కదులుతూ ఉంటుంది. ‘మీరూ నేర్చుకోవచ్చు కదా’ అని అడిగితే నవ్వేస్తారు. పక్కనున్నావిడ అందుకుంటుంది: ‘ఏందక్కా, గీ వయసుల గజ్జెలు కట్టుడేంది?’

ఈ వారం మాట్లాడుకోవాల్సింది ఆ ప్రశ్న గురించే. ఎందుకంటే అందులో ఒక అపోహ ఉంది. ఆ అపోహకు మన మోకాళ్లు, నడుము, గుండె మూల్యం చెల్లిస్తున్నాయి.

నృత్యాలన్నింటిలో శరీరాన్ని బాగా కష్టపెట్టేది ఏదంటే చాలామంది పాశ్చాత్య దేశాల బ్యాలే పేరు చెబుతారు. అందులో వృత్తి కళాకారులు కావాలంటే చిన్నతనంలోనే మొదలుపెట్టాలి. అది నిజమే. కానీ అదే బ్యాలేను నలభై ఏళ్లకు, అరవై ఏళ్లకు కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ బోలెడు మంది. లండన్ కేంద్రంగా పనిచేసే రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్ అయితే 55 ఏళ్లు దాటినవారి కోసమే ‘సిల్వర్ స్వాన్స్’ పేరుతో తరగతులు నడుపుతోంది. వాళ్లెవరూ మునివేళ్ల మీద గిరగిరా తిరగరు. గోడ వెంట ఉన్న కడ్డీ పట్టుకుని మోకాళ్లు మెల్లగా వంచుతారు, మడమలు ఎత్తి దించుతారు, ఒంటికాలిపై నిలబడతారు. సంగీతానికి తగ్గట్టు అదే పదేపదే చేస్తారు. వేదిక ఎక్కాలన్న తొందర ఎవరికీ ఉండదు.

మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1904లో పుట్టిన రుక్మిణీదేవి అరండేల్ 1928లో ప్రఖ్యాత బ్యాలే కళాకారిణి అన్నా పావ్లోవాను కలిశారు. అప్పటికి ఆమెకు పెళ్లయి ఏళ్లు గడిచాయి. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. సొంత గడ్డ మీది నాట్యం వైపు చూడమని పావ్లోవా సలహా ఇచ్చారంటారు. ఆ తర్వాత మైలాపూర్ గౌరి అమ్మ, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకుని, 1935లో తొలిసారి అందరి ముందూ ప్రదర్శించారు. అప్పుడామె వయసు 31. ఆ మరుసటి ఏడాదే కళాక్షేత్రకు పునాది పడింది. ‘ఈ వయసులోనా’ అని ఆమె ఆగిపోయి ఉంటే?

అంత దూరం ఎందుకు, మన ఉత్తర తెలంగాణనే చూద్దాం. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో వయసు ఎవరడుగుతారు? అత్తమ్మ, కోడలు, మనవరాలు ఒకే తాళానికి వంగి లేస్తారు, చప్పట్లు కొడతారు. ఆదిలాబాద్ అడవుల్లో దీపావళి వేళ దండారి కదిలితే, నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు ఊరూరా తిరిగి ఆడతారు. మర్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు ఆ నృత్యాన్ని వయసు మళ్లాక కూడా యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. మన నేలలో ఆటకు వయసు ఎప్పుడూ అడ్డు కాలేదు. ఫీజు, యూనిఫాం, పరీక్షలు ఉన్న ‘డ్యాన్స్ క్లాస్’ వచ్చాకే అది పిల్లల వ్యవహారంగా మారింది. పెద్దలకు తొమ్మిది రోజులు మిగిలాయి. మిగతా 356 రోజులు కుర్చీ మిగిలింది.

కుర్చీ ఏం చేస్తుందో ఈ పేజీలు చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ముప్పైలు దాటాక కండ మెల్లగా తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయాక ఎముకల బలం మరింత వేగంగా తగ్గుతుంది. తూలితే నిలదొక్కుకునే శక్తి కూడా ఎవరికీ తెలియకుండానే సన్నగిల్లుతుంది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. నడక మంచిదే. కానీ నడకలో శరీరం ఒకే దిశలో, ఒకే తీరులో కదులుతుంది. నాట్యంలో పక్కకు, వెనక్కు, వంగి, తిరిగి, ఒంటికాలిపై ఆగి కదలాలి. పైగా తాళం వినాలి, తర్వాతి అడుగు గుర్తుంచుకోవాలి. అంటే కాళ్లతో పాటు బుర్రకూ పని.

అమెరికాలో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2003లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్లు చేసే శారీరక వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించింది నృత్యం ఒక్కటే. నృత్యం చేస్తే మతిమరుపు రాదని దీనర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా నృత్యం చేసి ఉండవచ్చు కూడా. అయినా ఆలోచించదగ్గ విషయమే. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం కావాలంటోంది. వారానికి రెండు రోజులు 45 నిమిషాల తరగతి, మరో మూడు రోజులు ఇంట్లో 20 నిమిషాల సాధన. లెక్క సరిగ్గా సరిపోతుంది.

అయితే ఉత్సాహం ఉంది కదా అని రేపే వెళ్లి పిల్లలతో సమానంగా గెంతకూడదు. పెద్ద వయసులో మొదలుపెట్టేవారు మొదట దెబ్బతీసుకునేది మోకాలినే. దానికి కారణం అరమండి. పాదాలు రెండు పక్కలకు తిప్పి సగం కూర్చునే ఈ భంగిమ కూచిపూడిలో, భరతనాట్యంలో పునాది. బ్యాలేలోనూ ఇలాంటిదే ఉంది. ఆ తిరగడం తుంటి కీలు దగ్గర జరగాలి. ఎదిగే వయసు పిల్లలకు అక్కడ సాగే గుణం ఎక్కువ. పెద్దలకు తుంటి ఎంత తిరిగితే అంతే. కానీ పక్కనున్న పిల్లను చూసి పాదాలను బలవంతంగా పక్కకు తిప్పితే, తుంటి చేయాల్సిన పని మోకాలి మీద పడుతుంది. గుర్తుపట్టడం సులువు: కిందికి కూర్చున్నప్పుడు మోకాలు, పాదం మధ్యవేలు ఒకే వైపు చూడాలి. మోకాలు లోపలికి వాలుతోందంటే పాదాలు ఎక్కువ తిప్పారని అర్థం. తగ్గించండి. తక్కువ కూర్చోండి. అరమండి పావుమండి అయినా నష్టం లేదు.

రెండోది నేల. కరీంనగర్ గ్రానైట్ దేశదేశాలకు వెళ్తుంది, మన ఇళ్లలోనూ అదే మెరుస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ, దాని మీద వట్టి కాళ్లతో గంటసేపు అడుగులు కొడితే మడమలు, పిక్కల ముందరి ఎముక నొప్పి పెడతాయి. చెక్క నేల ఉన్న చోట నేర్చుకోవడం ఉత్తమం. లేకుంటే జారని గట్టి మ్యాట్ వేసుకుని, మొదటి మూడు నెలలు అడుగును కొట్టకుండా మెత్తగా మోపండి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు కలిపే స్నాయువు బలపడటానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ‘ఒంట్లో శక్తి వచ్చింది’ అనిపించిన రెండో నెలలోనే చాలామంది గాయపడటానికి కారణం ఇదే.

మూడోది వాతావరణం. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అప్పుడు సాధన తెల్లవారుజామునే ముగించాలి. నీళ్లు, పల్చటి సల్ల తాగాలి. చలికాలంలో ఆదిలాబాద్ పొద్దుపొద్దున గడ్డకట్టుకుపోతుంది. అప్పుడు పది నిమిషాలు నడిచి ఒళ్లు వెచ్చబడ్డాకే అడుగులు మొదలుపెట్టాలి.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, బాగా అరిగిన మోకాళ్లు, తరచూ కళ్లు తిరగడం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. షుగరు ఉన్నవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే వట్టి కాళ్లతో ఆడకూడదు. గజ్జెల ఒరిపిడికి పుండు పడినా తెలియదు. స్పర్శ బాగానే ఉన్నా సాధన అయ్యాక రోజూ పాదాలు చూసుకోవాలి. మొదట్లో తొడలు, పిక్కలు రెండు మూడు రోజులు పట్టేసినట్టుండటం మామూలే. కీలులో పోటు, వాపు వస్తే మాత్రం ఆపాల్సిందే. ‘తొక్కితే పోతుంది’ అనే సలహా వినకండి.

తరగతికి వెళ్లే వీలు లేనివారు వంటగట్టు దగ్గరే మొదలుపెట్టవచ్చు. అన్నం ఉడికేలోగా గట్టు పట్టుకుని పదిసార్లు మడమలెత్తి దించండి. పదిసార్లు మోకాళ్లు కొద్దిగా వంచి లేవండి. ఒక్కో కాలిపై పది సెకన్లు నిలబడండి. బ్యాలే నేర్చుకునేవారి తొలి పాఠం కూడా దాదాపు ఇదే.

చివరగా రెండు విన్నపాలు. ఒకటి డ్యాన్స్ స్కూళ్లు నడిపే గురువులకు. పిల్లల తరగతి జరిగే సమయంలోనే, వీలైతే పక్క గదిలో, పెద్దలకూ ఒక బ్యాచ్ పెట్టండి. పరీక్షలొద్దు, వార్షికోత్సవం బెదిరింపు వద్దు. ఎలాగూ గుమ్మం దాకా వచ్చి గంట కూర్చునేవారే మీ తొలి విద్యార్థులు. రెండోది ఇంట్లోవాళ్లకు. వారానికి రెండు సాయంత్రాలు కూరగాయలు మీరు తరగండి, పిల్లల హోంవర్కు మీరు చూడండి. ఆమె నేర్చుకుంటానంటే నవ్వకండి. అన్నట్టు, ఇది ఆడవాళ్లకే చెప్పే మాట కాదు. గుస్సాడీ ఆడేది మగవాళ్లే, పేరిణి మగవాళ్ల తాండవమే. బీపీ మాత్రతో పాటు ఒక తాళం కూడా మగవాళ్లకు మంచిదే.

అరంగేట్రం అందరికీ అక్కర్లేదు. అరవై ఏళ్లకు నేల మీద కూర్చుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలగడం, డెబ్బై ఏళ్లకు బతుకమ్మ వలయంలో మనవరాలి పక్కన నిలబడగలగడం చాలు. ఈ సాయంత్రం పిల్లను తరగతి దగ్గర దింపినప్పుడు ఆ ప్లాస్టిక్ కుర్చీని ఒక్కసారి ఖాళీగా వదిలి, లోపలికి వెళ్లి అడగండి: ‘మాకూ నేర్పుతారా?’