మృతుల మీద నినాదం, మృతుల కోసం నినాదం

2020 మార్చి చివరి రోజులవి. దేశమంతటా లాక్‌డౌన్ విధించి ఇంకా వారం తిరగలేదు. సూరత్‌లోని పాండేసరలో మరమగ్గాల కార్మికులు రాత్రివేళ వీధుల్లోకి వచ్చి, తమను సొంత ఊళ్లకు పంపించాలని నినదించారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి పలువురిని అరెస్టు చేశారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ శ్రామికులతో పాటు తెలంగాణ నేత కుటుంబాలూ తరతరాలుగా వలస వెళ్లిన నగరం సూరత్. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ రాత్రి పాండేసరలో వినిపించింది ఒక విషాదం గురించిన నినాదం. దానిని పలికినవారు ఆ విషాదంలో చిక్కుకున్నవారే.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన నినాదం ఒకటి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మైదానాల్లో దశాబ్దాలుగా వినిపిస్తోంది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు. ప్రత్యర్థి జట్ల అభిమానులు కొందరు నేటికీ చేతులు రెక్కల్లా చాచి ఆ ప్రమాదాన్ని అనుకరిస్తారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలిగొన్నది. ఆ సంఖ్యను ఎగతాళి చేస్తూ, ఆ చావులు చాలలేదన్న అర్థం వచ్చే అక్షరాలు రాసిన చొక్కాతో ఒక వ్యక్తి 2023 జూన్‌లో ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కు హాజరయ్యాడు. న్యాయస్థానం అతనికి జరిమానా విధించి, నాలుగేళ్లపాటు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్లకుండా నిషేధించింది. అదే సంవత్సరం అక్కడి ప్రాసిక్యూషన్ విభాగం, ఇటువంటి నినాదాలను ప్రజాశాంతికి భంగం కలిగించే నేరంగా పరిగణించవచ్చని మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది.

ఇదంతా పరాయి దేశపు వికారమని తెలుగు పాఠకుడు పక్కన పెట్టలేడు. మైదానాలను నింపే ఫుట్‌బాల్ తెలుగునాట లేదు. ఇక్కడ ఆ స్థానం రాజకీయాలది. పార్టీలే జట్లు, జెండాలే చొక్కాలు. ‘చచ్చినవాడి కళ్లు చారెడు’ అని సామెత చెప్పుకున్న సమాజం ఇది. పోయినవారిని లేని గొప్పలతోనైనా పొగడడం ఇక్కడి అలవాటు. అటువంటి నేలమీద ఈ పదిహేనేళ్లలో చావు ఎన్నికల సరుకైంది. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయనతో పాటు మరో నలుగురు మరణించారు. ఆ ప్రమాదం జరిగిన పావురాలగుట్ట పేరును ఆయన కుమారుడిని దెప్పిపొడిచే మాటగా మార్చినవారున్నారు. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో పాతికమందికి పైగా భక్తులు చనిపోయారు. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. అవతలి పార్టీకి ఈ మృతుల సంఖ్యలు సభల్లో చప్పట్లు కొట్టించే పంక్తులయ్యాయి. పుష్కరాల దుర్ఘటనపై జస్టిస్ సోమయాజులు కమిషన్, కందుకూరు ఘటనపై జస్టిస్ శేషశయనారెడ్డి కమిషన్ విచారణ జరిపాయి. ఆ విచారణల్లో తేలినదేమిటో చెప్పగలిగిన కార్యకర్తలు ఏ పార్టీలోనూ ఎక్కువమంది ఉండరు. సంఖ్య మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

అలాగని విషాదాన్ని నినాదంలోకి తేకూడదని సూత్రీకరించడం అంతకంటే పెద్ద తప్పు. హిల్స్‌బరో చరిత్రే అందుకు సాక్ష్యం. తొక్కిసలాటకు అభిమానులే కారణమని పోలీసులు, కొన్ని పత్రికలు ఏళ్ల తరబడి ప్రచారం చేశాయి. 2009 ఏప్రిల్ 15న, ఇరవయ్యో వర్ధంతి సభలో, నాటి బ్రిటన్ మంత్రి ఆండీ బర్నమ్ ప్రసంగిస్తుండగా వేలాది గొంతులు ఒక్కసారిగా న్యాయం కావాలని నినదించాయి. మంత్రి ప్రసంగం ఆగిపోయింది. ఆ తర్వాతే స్వతంత్ర పరిశీలక బృందం ఏర్పడింది, దాచిన పత్రాలు బయటికొచ్చాయి. 2016లో జ్యూరీ ఆ మరణాలను చట్టవిరుద్ధంగా జరిగిన హత్యలుగా తేల్చి, అభిమానుల తప్పు లేదని ప్రకటించింది. ఒకే మైదానం, ఒకే మృతులు. ఒక నినాదం వారిని మళ్లీ చంపింది, మరొకటి వారికి న్యాయం తెచ్చింది.

ఈ రెంటినీ వేరుచేసే గీత ఎక్కడుంది? పోయినవారి తల్లో, బిడ్డో ఆ గుంపులో నిలబడి అదే మాటను అదే స్వరంతో పలకగలరా అన్నదే మొదటి పరీక్ష. పలకగలిగితే అది నిలదీత. వారు చెవులు మూసుకుని వెళ్లిపోవలసి వస్తే అది హింస.

ఈ పరీక్షకు కఠినమైన ఉదాహరణ మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య. 2019 మార్చి 15న పులివెందులలోని సొంత ఇంట్లో ఆయన హతుడై కనిపించారు. హంతకులెవరన్న ప్రశ్నను ఆయన కుమార్తె సునీత న్యాయస్థానాల్లో అడిగారు, విచారణ రాష్ట్రం వెలుపల జరగాలని సుప్రీంకోర్టుకు వెళ్లి సాధించారు. అదే ప్రశ్న ‘హూ కిల్డ్ బాబాయ్’ అనే ప్రాసగా మారి పోస్టర్లెక్కింది, కార్యకర్తల కేరింతల్లో కలిసింది. మాట ఒకటే. కుమార్తె నోట అది జవాబు కోసం ఎదురుచూసే ప్రశ్న. కేరింతలు కొట్టే గుంపుకు జవాబుతో పనిలేదు, జవాబు దొరికితే ఆట ముగిసిపోతుంది. పైగా ఇక్కడ ఆ కుటుంబమే రెండుగా చీలింది కనుక, పోయినవారి తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్నదీ వివాదమే. అందుకే రెండో పరీక్ష అవసరం: నినదించినవారు అధికారంలోకి వచ్చాక కూడా అదే పట్టుదలతో ఆ ప్రశ్న అడుగుతున్నారా? 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. నాడు ఆ మాటతో సభలు దద్దరిల్లజేసినవారికి ఈ పరీక్ష ఇప్పుడు వర్తిస్తుంది.

ఈ సున్నితమైన తేడాను చట్టం మోయగలదా అంటే, అనుభవం లేదనే చెబుతోంది. 2024 ఎన్నికల ప్రచారంలో వివేకా హత్య ప్రస్తావన తేవద్దని కడప న్యాయస్థానం ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ప్రత్యర్థి పార్టీల నాయకులతో పాటు హతుని కుమార్తెకూ అది వర్తించింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసేనాటికి మే 13 పోలింగ్ ముగిసిపోయింది. కందుకూరు దుర్ఘటన దరిమిలా రోడ్లపై సభలను కట్టడి చేస్తూ నాటి ప్రభుత్వం తెచ్చిన జీవో నంబర్ 1 కూడా హైకోర్టులో నిలవలేదు. ఎగతాళిని ఆపడానికి వేసిన వల ముందుగా పట్టుకునేది దుఃఖితులనే. రేపు విషాదాల మీద నినాదాలను నిషేధిస్తూ చట్టం వస్తే, పార్టీల సోషల్ మీడియా విభాగాలు దాని నుంచి సులువుగా జారుకుంటాయి. దొరికిపోయేది పాండేసర వీధుల్లో ఇంటికి పంపమని అరిచిన కార్మికుడే.

కనుక ఈ బాధ్యత మొదట జట్లు నడిపేవారిది. 2023 మార్చిలో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ తలపడే ముందు ఆ రెండు జట్ల మేనేజర్లు కలిసి, చావుల మీద పాటలు ఆపమని తమ అభిమానులను కోరారు. కలకత్తా మైదానం అంతకంటే గొప్ప పాఠం నేర్పింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది అభిమానులు చనిపోయారు. ఆ తేదీన నేటికీ రక్తదాన శిబిరాలు జరుగుతాయి. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ వైద్యురాలి హత్య అనంతరం ఆ రెండు జట్ల మ్యాచ్ రద్దయితే, తరతరాల వైరమున్న అభిమానులు ఒకే గొంతుతో న్యాయం కోసం నినదించారు.

తెలుగు రాజకీయాల్లో ఇప్పటివరకు అటువంటి సంయుక్త ప్రకటన ఊహకు కూడా అందదు. ‘ముందు వాళ్లు ఆపాలి’ అన్నదే ఇరుపక్షాల జవాబు. కానీ ఎదుటి పార్టీ మృతుల గురించి తన సభలో వెకిలి కేక లేచినప్పుడు, మైకు ముందున్న నాయకుడు ప్రసంగం ఆపి వద్దనడానికి ఏ ఒప్పందమూ అవసరం లేదు. ఆ క్షణంలో ఆయన ఆపాడా, చిరునవ్వుతో మరోసారి అనిపించాడా అన్నది ఓటరు గమనించవలసిన విషయం. పరాయి ఇంటి చావును నవ్వులాటగా చూసే పార్టీ, రేపు తన పాలనలో తొక్కిసలాట జరిగితే మృతులను మనుషులుగా లెక్కిస్తుందని నమ్మడానికి ఆధారం ఉండదు.