మాట దక్కాలంటే
పనిముట్లూ వాడకమూ

కొన్ని మాసాలుగా మన శాఖలనుంచి వస్తున్న వుత్తరాల్లో ఒకే ప్రశ్న వేర్వేరు మాటల్లో కనబడుతున్నది. “మా వూళ్ళో పెద్దవాళ్ళచేత పాటలూ కథలూ చెప్పించి చిన్న సినిమాగా తీద్దామనుకుంటున్నాము. కెమేరా వున్నది. మాట పట్టడానికి యే రికార్డరు కొనాలి? తీగలు యెలాంటివి తీసుకోవాలి?” అని. సంతోషించవలసిన సంగతే. తరాల క్రితం యీ గడ్డలకు వచ్చి, వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియావో, మరాఠీయో మాట్లాడుతూ, గడప లోపల తెలుగు నిలుపుకున్న కుటుంబాలు మనవి. ఆ గడప లోపలి తెలుగు బడి పుస్తకాల్లో దొరకదు. అవ్వల నోట వున్నది. అవ్వలతోబాటే పోతుంది కూడాను.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి పేరు మనలో చాలామందికి తెలిసినదే. ఇంటి మాట తెలుగు, వ్రాత తమిళం. ఆంధ్రదేశంనుంచి దక్షిణానికి తరలివచ్చిన కుటుంబాల కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా వ్రాశారు. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథ తమిళ లిపిలో నిలిచింది. అటువంటి కథలు చెప్పే ముసలమ్మల గొంతు మాత్రం యే లిపిలోనూ నిలవదు గదా! దానిని పట్టవలసింది యంత్రమే.

అయితే యంత్రం వున్నంత మాత్రాన మాట దక్కదు. ఒక వూరి మిత్రులు యెనభై దాటిన ఒక అవ్వను కూర్చోబెట్టి రెండు గంటలు చిత్రం తీశారు. బొమ్మ అద్దంలా వున్నది. అవ్వ ముక్కుపుడక మెరుపుకూడా తెలుస్తుంది. మాట మాత్రం పైన తిరిగే ఫ్యాను హోరులో మునిగిపోయింది. మధ్య మధ్య తీగ కదిలినప్పుడల్లా పటపటమని చప్పుడు. ఆ యేడాదే అవ్వ వెళ్ళిపోయింది. ఇప్పుడు మనుమరాళ్ళు ఆ బొమ్మ పెట్టుకుని, పెదవుల కదలిక చూచి, యేమి పాడిందో పోల్చుకోవాలని అవస్థ పడుతున్నారు. బొమ్మ కాస్త మసకగా వున్నా మనిషి మనిషే. మాట మసకబారితే మిగిలేదేమీ లేదు.

శాఖల సమావేశాల్లో కోశాధికారులు వేసే ప్రశ్న ఒకటి వున్నది. “కెమేరాలోనే మాట పడుతుంది గదా, మళ్ళీ యీ డబ్బా యెందుకండీ?” అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు దూరంలో వున్నది. కెమేరా ఆరడుగుల అవతల నిలబడుతుంది. నోటినుంచి నేరుగా వచ్చే మాట, దూరం రెట్టింపయిన కొద్దీ సగం సగమవుతుంది. ఫ్యాను హోరు మాత్రం గదంతా ఒకే తీరుగా వుంటుంది. కాబట్టి చెవి మనిషి దగ్గరకు వెళ్ళాలి, కన్ను దూరంగా వుండాలి. రెంటినీ విడదీసే పనిముట్లే వేరే రికార్డరు, మైకు, వాటిని కలిపే తీగ.

ఈ చిక్కు మన సినిమాలు పుట్టిననాటినుంచీ వున్నదే. 1931లో ముంబైలో అర్దేశిర్ ఇరానీగారు ‘ఆలం ఆరా’ తీసినప్పుడు మాటను బొమ్మతోబాటు అక్కడికక్కడే పట్టవలసి వచ్చింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలంతా రైళ్ళ రొద. అందుచేత రైళ్ళు సద్దుమణిగిన అర్ధరాత్రి దాటాక తీసేవారు. ఆ యేడాదే ఆయన నిర్మించగా హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకత్వం వహించిన ‘కాళిదాస్’ వచ్చింది. అందులో తమిళమూ తెలుగూ కలగలిసి వినబడ్డాయి, అచ్చంగా మన యిళ్ళలోలాగే!

తరువాత 1951లో స్విట్జర్లాండులో స్థిరపడిన పోలండు ఇంజనీరు స్టెఫాన్ కుడెల్‌స్కీ, భుజాన తగిలించుకుపోగల టేపు రికార్డరు చేశాడు. పేరు నాగ్రా. పోలిష్ భాషలో ఆ మాటకు ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. మొదటి దానికి గడియారానికి ఇచ్చినట్లు కీ ఇచ్చి నడిపేవారు. తరువాతి నాగ్రాలు చాలాకాలం ప్రపంచమంతటా సినిమావారికి చేతి పనిముట్లయినవి. మన దేశంలో మాత్రం తీసేటప్పటి మాటను పక్కనబెట్టి, స్టూడియోలో డబ్బింగు చెప్పించే అలవాటు స్థిరపడింది. 2001లో వచ్చిన ‘లగాన్’ కచ్ యెడారి ప్రాంతంలో అక్కడి మాటను అక్కడే పట్టి తీసిన పెద్ద సినిమా. మనకు డబ్బింగు అనే దారి లేనే లేదు. అవ్వను స్టూడియోకు తీసుకుపోయి, “మళ్ళీ అలాగే నవ్వవే అవ్వా” అంటే నవ్వుతుందా?

ఇక కొనే సంగతి. నేడు అరచేతిలో ఇమిడే రికార్డర్లు వచ్చినవి. జూమ్, టాస్కామ్ అనే జపాను కంపెనీలవి అంగళ్ళలో తరచు కనిపిస్తాయి. పేరు చూచి కాదు, నాలుగు సంగతులు చూచి కొనాలి.

మొదటిది, మూడు ముళ్ళ సాకెట్లు. వీటిని ఎక్స్.ఎల్.ఆర్. అంటారు, పాత దుకాణదారులు కానన్ పిన్ను అంటారు. కనీసం రెండు వుండాలి, ఒకటి చెప్పేవారికి, ఒకటి అడిగేవారికి. రెండవది, ఫాంటమ్ అనే యేర్పాటు. కొన్ని మంచి మైకులు పనిచేయాలంటే తీగలోంచే 48 వోల్టులు అందాలి. రికార్డరులో ఆ మీట లేకపోతే ఆ మైకులు మూగబోతాయి. మూడవది, హెడ్‌ఫోను పెట్టుకునే సాకెట్టు. వినకుండా మాట పట్టడం, చూడకుండా సంతకం పెట్టడంవంటిది. నాలుగవది, మాటను కుదించకుండా వేవ్ ఫైలుగా, సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లలో వ్రాయగలగడం. సినిమా పనికి యిదే వాడుక. 44,100 లెక్క పాటల సీడీలది. ఈ కొలతన రెండు మైకుల మాట గంటకు దాదాపు 1 గిగాబైటు స్థలం తింటుంది. 32 గిగాబైట్ల కార్డులో 30 గంటలు పడుతుంది. కాబట్టి కుదించి పొదుపు చేయవలసిన అగత్యమే లేదు.

మట్టం సంగతికూడా తెలియాలి. ఈ యంత్రాల్లో సున్నా గీత ఇంటి కప్పువంటిది. మాట దాన్ని తాకితే పగిలిపోతుంది. పగిలినది మళ్ళీ అతకదు. మామూలు మాట, సున్నాకు 12 డెసిబెల్లు కిందుగా ఆడేటట్లు తిప్పి పెట్టుకోవాలి. అవ్వ గుసగుసగా మొదలుపెట్టి ఒక్కసారి గొంతెత్తి పాడితే యేమి చెయ్యాలి? దీనికే 32 బిట్ల ఫ్లోట్ అనే పద్ధతి వచ్చింది. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 అటువంటిది. అందులో మట్టం తిప్పే మీటే లేదు. హెచ్చుతగ్గులు తరువాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు యిది పెద్ద ఆసరా. కాని మైకే దూరంగా వుంటే యే ఫ్లోటూ కాపాడదు.

ఇప్పుడు తీగ. వేలు పోసి రికార్డరు కొన్నవారు తీగ దగ్గర వంద రూపాయలకు బేరమాడతారు. చెడేది అక్కడే.

మూడు ముళ్ళ తీగలో గుట్టు యిది. ఒక ముల్లు నేల. మిగిలిన రెంటిలోనూ ఒకే మాట నడుస్తుంది, కాని ఒకదానిలో తిన్నగా, రెండవదానిలో తలక్రిందులుగా. దారిలో యింటి కరెంటువల్ల కలిగే 50 హెర్ట్‌జుల గుంయ్‌మనే రొద రెండు తీగలమీదా సమానంగా పడుతుంది. రికార్డరు చేరాక తలక్రిందులైన దానిని తిరగేసి రెండూ కలుపుతారు. మాట మాటతో కూడుతుంది. రొద రొదతో కొట్టుకుపోతుంది. అందుచేతనే ఈ తీగ పది మీటర్లయినా, ఇంకా యెక్కువైనా నిర్భయంగా లాగవచ్చు.

సన్నటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను, మన దుకాణాల్లో ఈపీ పిన్ను అనేది, అలాంటిది కాదు. మామూలుగా దాని తీగకు ఈ కాపుదల లేదు. రెండు మూడు మీటర్లవరకు ఫరవాలేదు. అంతకు మించితే రొద పట్టుకుంటుంది. ఇందులో మరొక తిరకాసు వున్నది. పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే రికార్డరుకూ కెమేరాకూ పనికివచ్చేది. మూడు గీతలుంటే సెల్‌ఫోనుకు చేసినది. సెల్‌ఫోను కాలరు మైకును తెచ్చి రికార్డరులో గుచ్చితే, తగిన అడాప్టరు లేనిదే సరిగా పలకకపోవచ్చు. అప్పుడు రికార్డరు చెడిందని అంగడివానితో తగవుపడి లాభం లేదు.

చెన్నైలో రిచ్చీ వీధికి వెళ్ళినా, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డుకు వెళ్ళినా, ముంబైలో లామింగ్టన్ రోడ్డుకు వెళ్ళినా, తీగ కొనేటప్పుడు యివి చూడండి. పిన్ను తొడుగు మర విప్పి లోపల టంకం నున్నగా మెరుస్తున్నదా, ముద్దగా మసకగా వున్నదా చూడాలి. తీగను పిన్ను గట్టిగా కరిచి పట్టుకున్నదా, లేక టంకం మీదే వేలాడుతున్నదా చూడాలి. లోపలి కవచం అల్లిక రాగి తీగైతే చుట్టడానికీ విప్పడానికీ తట్టుకుంటుంది. పలుచని రేకైతే గోడలో పాతడానికే మంచిది. తరువాత రికార్డరుకు తగిలించి, హెడ్‌ఫోను పెట్టుకుని, పిన్ను దగ్గర తీగను అటూ యిటూ ఆడించండి. చిటుక్కుమన్నదా, ఆ తీగ వద్దు. మంచిది దొరికితే రెండు కొనండి. రెండవది సంచిలో వుంటే మొదటిది తెగినా పని ఆగదు.

సమావేశ మందిరంలో మైకుసెట్టువారి మిక్సరునుంచి మాట తీసుకునేటప్పుడు, రికార్డరులో ‘లైన్’ అనే స్థానానికి మీట మార్చాలి. మిక్సరునుంచి వచ్చేది మైకు మాటకన్నా యెన్నో రెట్లు బలమైనది. మైకు స్థానంలో పెడితే పగిలిపోతుంది.

వాడకంలో నాలుగు నియమాలు. తీగను మోచేతికి బిగించి చుట్టకూడదు. లోపలి రాగి మెలికపడి తెగుతుంది. వదులుగా, ఒక చుట్టు పైకీ, ఒక చుట్టు లోపలికీ వేయాలి. కరెంటు వైరు పక్కనే సమాంతరంగా పరచకూడదు. దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి. మొదలుపెట్టేముందు ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి, కెమేరా యెదుట గట్టిగా ఒక చప్పట కొట్టాలి. బొమ్మనూ మాటనూ జతపరచడానికి అదే గుర్తు. రెండు యంత్రాల గడియారాలూ అణువంత తేడాగా నడుస్తాయి గనుక, గంటసేపు తీసేటట్లయితే చివరనూ ఒక చప్పట కొట్టాలి. అందరూ మౌనంగా వుండగా ఒక నిమిషం ఉత్త గది చప్పుడుకూడా పట్టుకోవాలి. కూర్పులో అతుకులు కనబడకుండా కప్పడానికి అది పనికివస్తుంది.

డబ్బు పది పాళ్ళనుకుంటే నేను చెప్పేది: మైకుకు నాలుగు, రికార్డరుకు మూడు, తీగలకు ఒకటి, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోనుకు ఒకటి, కార్డులకూ బ్యాటరీలకూ ఒకటి. పది పాళ్ళు కూడకపోతే ఆగిపోనక్కరలేదు. రెండవ సెల్‌ఫోనుకు మూడు గీతల కాలరు మైకు తగిలించి, అవ్వ పమిటకు గుచ్చి, ఫోను ఆమె ఒడిలో వుంచండి. దూరాన వున్న ఖరీదైన కెమేరా చెవికన్నా అది మేలు. డబ్బు కూడేదాకా ఆగుదామంటే అవ్వలు ఆగరు.

ఆఫీసులో మేము ముఖ్యమైన కాగితానికి నకలు లేకుండా ఫైలు మూయము. మీరూ ఆనాటి మాటను ఆనాడే రెండుచోట్ల దాచండి. మొదట్లోనే చెప్పేవారి పేరు, వూరు, తేదీ వారి నోటనే చెప్పించండి. ఈ సెలవులకు వూరు వెళ్ళే పిల్లలచేత ఒక్క గంటయినా పట్టించండి. అలా దాచినవి యేళ్ళ తరబడి చెడకుండా యెలా భద్రపరచాలో వచ్చే నెల వ్రాస్తాను.