సాగర్ దాకా పోతామో లేదో, కాలువైతే చూసొస్తాం

సంక్రాంతి అయిపోయింది, శనగ ఇంకా కోతకి రాలా. ఈ ఖాళీలో వచ్చే సోమవారం నేను, మా బావ, పక్క పొలం తమ్ముడు సైకిళ్ళ మీద బయల్దేరుతున్నాం. దర్శి, కురిచేడు, వినుకొండ, కారంపూడి, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్. గట్టు బాగున్నచోట కుడికాలువ గట్టు మీద, లేనిచోట రోడ్డెక్కి.

విన్నవాళ్ళందరూ అడిగేది ఒకటే, "ఎన్ని రోజుల్లో చేరతారు?" అని. మా అబ్బాయైతే "కారు మాట్లాడతా నాన్నా, పొద్దున పోతే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు" అంటున్నాడు. డ్యామ్ చూడ్డానికైతే కారే మేలు, కాదనను. కానీ డ్యామ్ నేను మూడుసార్లు చూశా. బస్సులో పోయి, 26 గేట్లు లెక్కపెట్టి, ఫోటో దిగి, వచ్చేటప్పుడు నిద్రపోయా. మధ్యలో కాలువ ఒక్కసారీ చూడలా. మన పొలం తడిపేది ఆ కాలువే గదా!

1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు నీళ్ళు వదిలారు. తల దగ్గర 11,000 క్యూసెక్కులు పారేట్టు కట్టారు. మనమేమో ఒంగోలు బ్రాంచి కాలువ చివరన ఉన్నాం. మన మైనరులోకి ఒక తడి వస్తే పండగ.

ఎప్పట్నించో మనం అనేమాట "పైవాళ్ళు తాగేస్తున్నారు" అని. నేనూ అన్నా. ఎవరా పైవాళ్ళు? వాళ్ళ మొహం మనలో ఎవరన్నా చూశామా? వాళ్ళు వరి వేశారా మిరప వేశారా, తూముకి తలుపుందా, గట్టు ఎక్కడ కోసుకుపోయింది, తూటికాడ ఎక్కడ అడ్డంపడింది, లస్కరు ఎన్ని కిలోమీటర్లకి ఒకరున్నారు, ఇవి కారు అద్దంలోంచి కనపడవు. సైకిలైతే ఎండకి ఆగుద్ది, పంచరుకి ఆగుద్ది, మంచినీళ్ళకి ఆగుద్ది. ఆగినచోట ఎవరో ఒకరు "ఏ ఊరయ్యా మీది?" అంటారు. ఆ పలకరింపు కోసమే నేను పోయేది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్ళ కింద నా మినుము ఎండుతుంటే, రాత్రిపూట తూముకి గోనెసంచి అడ్డంపెట్టి వంతు కన్నా రెండు గంటలు ఎక్కువ పెట్టుకున్నా. కింద పొలం ఇప్పుడు నాతో వస్తున్న తమ్ముడిదే. ఆయనకి నేనూ పైవాణ్ణే. మొన్న ఈ మాట చెప్తే కాసేపు మాట్లాడలా. తర్వాత "సర్లే అన్నా, దారిలో టీ ఖర్చంతా నీదే" అన్నాడు.

మా బావతోనే పేచీ. రెండు రోజుల్లో ముగించాలంటాడు. అట్టా తొక్కితే హ్యాండిలు తప్ప ఏం కనపడుద్ది? నేను ఆరు రోజులంటున్నా. కారంపూడి వైపు మిరప కోతల్లో ఉంటది, కల్లాల దగ్గర రైతులతో కూర్చుంటే ఒక పూట పోద్ది. పోనీయండి. నా మోకాలు వినుకొండలో మొండికేస్తే సైకిలు బస్సు మీదేసుకుని వచ్చేస్తా. డ్యామ్ దాకా పోలేకపోయాడని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కురిచేడు నుంచి వినుకొండ దాకా తూములెట్టా ఉన్నాయో మాత్రం నన్ను అడగండి, చెప్తా. నోటుపుస్తకం సంచిలో పెట్టుకున్నా.

ఎవరన్నా వచ్చేట్టయితే ఆదివారం రాత్రిలోపు చెప్పండి. పాత సైకిలైనా పర్లేదు, బ్రేకులు చూపించుకోండి. ట్యూబు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, పంపు నా దగ్గరుంది.