పదిహేనేళ్లకే మూసేసిన తలుపు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజుల్లో మన ఇళ్లలో ఒక తీర్పు వెలువడుతుంది. అమ్మాయికి ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? పదిహేను, పదహారేళ్ల పిల్ల విషయంలో, చాలాసార్లు ఆమెను అడగకుండానే, నాన్నో మామయ్యో కాలేజీ వాళ్లో తేల్చేస్తారు. ఎం.పి.సి.లో చేరిన అమ్మాయి ఆ తర్వాత ఇంజనీరింగు చదివినా, బి.ఎస్సీ. లెక్కలు చదివినా, జీవశాస్త్రం పుస్తకం మళ్లీ తెరిచే అవసరం దాదాపు రాదు. తన శరీరాన్ని గురించిన శాస్త్రం తనది కాకుండా పోతుంది.

ఆ తలుపును మళ్లీ తెరవగలిగేది వేసవి సెలవుల్లో వైద్య పరిశోధనాలయంలో రెండు నెలల శిక్షణ. జీవశాస్త్రం రానివాళ్లు అక్కడేం చేస్తారని అడిగేవాళ్లకు రోజలిన్ యాలో గురించి చెప్పాలి. న్యూయార్క్‌లో 1941లో ఫిజిక్సులో పట్టా పుచ్చుకున్న ఆమెకు ముందు దొరికిన దారి ఒక ప్రొఫెసరు దగ్గర సెక్రటరీ పని. యుద్ధం వల్ల మగవాళ్లు తగ్గారు గనుక ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది. తర్వాత ఆసుపత్రిలో బెర్సన్ అనే డాక్టరు ఆమెకు శరీరశాస్త్రం నేర్పితే, ఆమె ఆయనకు ఫిజిక్సు నేర్పింది. రక్తంలో అతి కొద్దిగా ఉండే ఇన్సులిన్‌ని రేడియో ధార్మిక పదార్థంతో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టారు. 1977లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఈనాడు మనం చేయించుకునే థైరాయిడ్ పరీక్ష ఆ పద్ధతి సంతానమే.

ఇది ఒక మేధావి కథ మాత్రమే కాదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రకు అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్ల శరీరం నుంచి ఆ మందు నెమ్మదిగా పోతుందనీ, తెల్లవారి బండి నడిపే వేళకి ఇంకా రక్తంలో ఉంటోందనీ, వాళ్ల మోతాదు 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమని అక్కడి ప్రభుత్వ సంస్థ చెప్పింది 2013లో! ఇరవై ఏళ్లు పట్టింది. రక్తంలో మందు గంటగంటకూ ఎలా తగ్గుతుందన్నది ఒక అవకలన సమీకరణం. అంటే మన ఎం.పి.సి. అమ్మాయిలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకునే లెక్కే. అది ఎవరి ప్రాణానికి సంబంధించిందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

మరి అవకాశాలెలా ఉన్నాయి? బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్పు ఇంజనీరింగు, లెక్కల విద్యార్థులకూ ఉంది. నెలకింత భృతి, రైలు ఖర్చు ఇస్తారు. ఇది మంచి పద్ధతి. ఐ.సి.ఎం.ఆర్. 1979లో మొదలుపెట్టిన విద్యార్థి పరిశోధన పథకం మాత్రం ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. చదివేవారి కోసమే. వైద్య పరిశోధనకు దేశంలో పెద్దదిక్కయిన సంస్థ డాక్టర్లు కాబోయేవాళ్లనే పిలవడం ఇక చాలు. ఆ పథకంలో కొన్ని స్థానాలు ఇతర శాస్త్రాల విద్యార్థులకూ ఇవ్వాలి.

భృతి లేని శిక్షణ ఎవరికి? సొంత డబ్బుతో రెండు నెలలు నగరంలో ఉండగలిగిన వాళ్లకే. కొడుకైతే స్నేహితుడి గదిలో సర్దుకుంటాడులే అని పంపే తల్లిదండ్రులు కూతురికి హాస్టలు ఎక్కడని అడుగుతారు. ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. హాస్టలు చూపని సంస్థ అమ్మాయిలకు అవకాశం ఇచ్చామని చెప్పుకోకూడదు. వచ్చిన పిల్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అంకెలు ఎక్కించే పనికి వాడుకుని సర్టిఫికెట్టు చేతిలో పెట్టడమూ శిక్షణ కాదు. ఆ అంకెలు ఏ రోగులవో, ఏ ప్రశ్న కోసం సేకరించారో ఆమెకు వివరించాలి.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది, జీతం లేకపోయినా సరే. రెండు నెలల కోసం వచ్చిన అమ్మాయి కూడా ఫిర్యాదుల కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీ సభ్యుల పేర్లు చేరిన రోజే ఆమె చేతికివ్వాలి.