సగం తెగిన అక్షరం

పిల్లలూ! ముందుగా మీకొక చిన్న ప్రశ్న. 'కొత్తపేట' అనే మాటలో అక్షరాలెన్ని?

"ఇదేం ప్రశ్న మాష్టారూ, నాలుగు!" అంటారు మీరు. కొ, త్త, పే, ట. నిజమే. కాని ఇదే ప్రశ్న కంప్యూటరును అడిగితే ఒకసారి 8 అంటుంది, ఇంకోసారి 24 అంటుంది. అది అబద్ధమాడుతోందా? లేదు. దాని లెక్క వేరు.

కంప్యూటరు 'కొ' అనే అక్షరాన్ని 'క' ఒకటి, దాని మీది ఒత్వం ఒకటి అని రెండుగా దాచుకుంటుంది. 'త్త' అయితే త, పొల్లు, మరో త అని మూడు. 'పే' రెండు, 'ట' ఒకటి. మొత్తం 8. ప్రపంచంలోని ఎన్నో భాషల లిపులకు అంకెలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో వీటిలో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్యను యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాసి దాచేటప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఎనిమిది మూళ్ళు 24. ఇప్పుడు అర్థమైంది కదా!

ఈ లెక్క తెలియక మా బడిలో ఏం జరిగిందో వినండి.

చాలా ఏళ్ళ క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు అభిమానంతో మా బడికి ఒక ప్రోగ్రాము రాసి పెట్టాడు. పిల్లల పేరు, తరగతి, ఊరు, మండలం అందులో ఎక్కిస్తే అడిగినప్పుడు జాబితా చూపేది. దాన్ని పైథాన్ అనే భాషలో రాశాడు. ఈ భాషను గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు తయారుచేసి 1991లో విడుదల చేశాడు. వివరాలు దాచే డేటాబేసు పేరు ఎస్‌క్యూలైట్. అమెరికాకు చెందిన రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేసు నేడు మన సెల్‌ఫోన్లలో కూడా ఉంది. పైథానుకూ ఎస్‌క్యూలైట్‌కూ మధ్య మాటలు మోసేది ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు, ఎవరైనా వాడుకోవడానికి ముందే సిద్ధం చేసిన పనిముట్ల పెట్టె అనుకోండి. ఈ పెట్టె 2006 నుంచి పైథానుతోపాటే వస్తోంది.

ప్రోగ్రాము బాగానే నడిచింది. జాబితాలో కొన్ని పేర్ల చివర చిన్న పెట్టె లాంటి గుర్తు కనబడేది. "ఏదో అచ్చుతప్పులే" అనుకుని నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నా తప్పు.

తరువాత బడికి కొత్త కంప్యూటరు వచ్చింది. అందులో ఉన్నది కొత్త పైథాన్, అంటే 3వ తరం. దానికి తగ్గట్టు పాత ప్రోగ్రామును సవరించి నడిపితే జాబితా సగంలో ఆగిపోయింది. ఒక వరుసను అక్షరాలుగా చదవలేకపోతున్నానని లైబ్రరీ మొరాయించింది. "కొత్తది పనికిరాదు సార్, పాతదే బాగుంది" అన్నారు అందరూ.

తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు, నేను కూర్చుని వెతికాం. ముందుగా డేటాబేసుకు నకలు తీసి పక్కన పెట్టాం. తరువాత జాబితాను సగం చేసి నడిపాం. ఏ సగంలో ఆగితే దాన్ని మళ్ళీ సగం చేశాం. 512 వరుసలున్నా 9 సార్లు సగం చేస్తే ఒక్కటే మిగులుతుంది. లెక్కవేసి చూడండి. అలా దొరికిన మొదటి వరుస 'కొత్తపేట మండలం'.

దానిలో తప్పేముంది? మండలం పేరుకు 30 అక్షరాలు చాలునని మా విద్యార్థి హద్దు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే చక్కగా పడుతుంది. కాని పాత పైథాన్ మామూలుగా లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. 'కొత్తపేట'కు 24, ఖాళీకి 1, 'మ'కు 3. మొత్తం 28. తరువాతి సున్నకు 3 బైట్లు కావాలి, మిగిలినవి రెండే. సున్న మధ్యలో తెగిపోయింది! 'అమలాపురం మండలం' రాసినా సరిగ్గా ఇదే గతి. 'రాజోలు మండలం' ఎక్కడ తెగుతుందో మీరే లెక్కకట్టండి.

ఇంకో సంగతి కూడా బయటపడింది. పాత లైబ్రరీ ఇలాంటి బైట్ల ముద్దను తీసుకోనని, యూనికోడ్‌కు మారమని మొదటే హెచ్చరించేది. ఆ హెచ్చరిక రాకుండా చేసే మీట కూడా అందులో ఉంది. మా విద్యార్థి ఆ మీట నొక్కి పని కానిచ్చాడు.

అప్పుడు పిల్లల్లో ఒకడు, "చదవలేని ముక్కలను వదిలెయ్యమని లైబ్రరీకి చెప్పొచ్చట సార్, జాబితా ఆగదు" అన్నాడు. నిజమే, ఒక్క వరుస రాస్తే చాలు. కాని నేను వద్దన్నాను. అలా చేస్తే మొరాయింపు పోతుంది, తప్పు మాత్రం ఉండిపోతుంది. తెగిపోయిన అక్షరాలను ఏ యంత్రమూ ఊహించి తేలేదు. అందుకే చెడిన వరుసలన్నీ బైట్లుగా బయటికి తీసి, కాగితపు అడ్మిషన్ రిజిస్టరుతో సరిచూసి, ఒక్కొక్కటీ మళ్ళీ ఎక్కించాం. హద్దు తీసేశాం. పని ముగిసేసరికి సాయంత్రం బడిగంట కొట్టి చాలాసేపయింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మొరాయించిన కొత్త లైబ్రరీ చెడ్డదీ కాదు, ఇన్నాళ్ళూ నడిచిన పాతది మంచిదీ కాదు. తప్పును దాచే యంత్రం కంటే ఆగి చెప్పే యంత్రమే మేలు. జ్వరం చూపిందని ధర్మామీటరును పారేస్తామా?

అయితే కొత్తది తెచ్చేవారికీ ఒక ధర్మం ఉంది. కొత్త పైథాన్ 2008 డిసెంబరులో వచ్చింది. పాతదానికి 2020 జనవరి 1 దాకా, అంటే 11 ఏళ్ళకు పైగా గడువిచ్చారు. ఈ లోపల వేలాది లైబ్రరీలను కొత్త పద్ధతికి మలచవలసి వచ్చింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు వాడే ఒక పాత లైబ్రరీ కొత్త పైథానుకు మారనే లేదు. వేరేవాళ్ళు దాని ప్రతి తీసుకుని, బాగుచేసి, మరో పేరుతో కొనసాగించారు. పిలిచే మాటలు మాత్రం పాతవే ఉంచారు. అందువల్ల దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములు మళ్ళీ మొదటినుంచి రాసుకోనక్కరలేకపోయింది.

ఇది మన కోనసీమవారికి కొత్త విషయం కాదు. ధవళేశ్వరం వద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అది పాతబడితే కొత్త బ్యారేజి కట్టారు. అది 1982 నాటికి పూర్తయింది. తలుపులు కొత్తవి, కాని నీళ్ళు పారేది అవే డెల్టా కాలువల్లో. బ్యారేజి మారిందని రైతు తన పొలాన్ని జరుపుకోలేదు! పాతదానితో పొసగడమంటే ఇదే.

ప్రతి వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. తీసేవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. వాళ్ళు లేకపోతే సార్వాకు శివారు పొలానికి నీరందదు. కంప్యూటరు ప్రపంచంలో తప్పులు దిద్దేవాళ్ళూ అలాంటివాళ్ళే. కొత్తది కనిపెట్టినవాడికి ఎంత గౌరవమో, ఉన్నదాన్ని బాగుచేసినవాడికీ అంతే దక్కాలి.

"తెలుగు పేర్లు ఇంగ్లీషులో రాసేస్తే ఈ గొడవే ఉండదు కదా!" అని కొందరు పెద్దలే అంటారు. నేను ఒప్పుకోను. చెప్పు కరుస్తోందని కాలు కోసుకుంటామా? 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక రకంగా వస్తే ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో కొన్ని అప్లికేషన్లు కుప్పకూలేవి. అది ప్రపంచమంతా వార్త అయింది. విజ్ఞానంలోని 'జ్ఞా'యే సుమా! ఆ కంపెనీ అక్షరాన్ని మార్చుకోమనలేదు, ఫిబ్రవరి 19న తన ప్రోగ్రామునే సరిదిద్దింది. చెప్పేవాళ్ళుంటే సరిదిద్దేవాళ్ళుంటారు.

ఆ చెప్పేవాళ్ళు మీరెందుకు కాకూడదు? పైథాన్ లైబ్రరీలు చాలామటుకు ఎవరైనా తెరిచి చదువుకోదగినవే. తప్పు కనబడితే నాలుగు సంగతులు రాయండి: ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది, నా దగ్గరున్నది ఎన్నో తరం పైథాన్. సైన్సు రికార్డులో ప్రయోగం రాసినట్టే! ప్రోగ్రాము రాసిన ప్రతిసారీ ముందుగా మీ ఊరి పేరు తెలుగులో ఎక్కించి చూడండి. చివర చిన్న పెట్టె కనబడితే మాత్రం నాలాగా ఊరుకోకండి.