పర్చీ చించకుండా లేచిపోతున్నాం

పోయిన నెల ఘంటసాలలో ఆపా వాళ్లింటికి వెళ్లాను. భాంజీకి డిగ్రీ ఫారం ప్రింటు కావాలంటే ఇద్దరం నెట్ సెంటర్‌కి నడిచాం. కూర్చుని జీమెయిల్ అని కొట్టానో లేదో, ఎవరో అమ్మాయి మెయిల్ మొత్తం నా ముందు తెరుచుకుంది. మార్కుల మెమో, ఆధార్, బ్యాంకు వాళ్ల ఉత్తరం. యా అల్లాహ్ అనుకుని సైన్ అవుట్ నొక్కాను. ఆ పిల్ల ఎవరో ఏమో, తన అమానత్ అక్కడ వదిలి బేఫికర్‌గా ఇంటికి పోయింది.

కౌంటర్ కుర్రాణ్ని అడిగాను. "కుకీలు తీసేస్తే మళ్లీ అన్నీ లాగిన్ అవ్వాలి భాయ్, టైం వేస్ట్" అన్నాడు. తమాషా ఏమిటంటే, సైటు తెరుచుకోకపోతే మొదట కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కేది ఇతనే. పేజీ మొరాయిస్తే క్లియర్ చేస్తాం, మనిషి లేచి వెళ్లాక చెయ్యం. నాకు నచ్చనిది ఇదే.

క్యాష్‌కీ కుకీకీ ఫర్క్ తెలిస్తే ఈ తికమక ఉండదు. క్యాష్ అంటే నకలు. పేజీలోని బొమ్మలూ అక్షరాలూ మళ్లీ మళ్లీ దించుకోకుండా బ్రౌజర్ దాచుకునేది. ఆ నకలు పాతదైపోతే పేజీ తప్పుగా కనిపిస్తుంది, అప్పుడు తుడిస్తే చాలు. ఊరికే రోజూ తుడిస్తే తర్వాతి పేజీ ఆలస్యంగా తెరుచుకోవడం తప్ప ఫాయిదా లేదు. కుకీ వేరు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ తయారుచేసిన చిన్న పర్చీ అది. సైటు దాన్ని మన బ్రౌజర్ చేతిలో పెడుతుంది, మళ్లీ వెళ్లినప్పుడు చూసి గుర్తుపడుతుంది. లాగిన్ నిలబడేది ఆ పర్చీ మీదే. ట్యాబ్ మూసినంత మాత్రాన అది చిరగదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీం కోర్టు తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. ఢిల్లీ నుంచి ఘంటసాల దాకా ఆ హక్కు నడిచి రావాలంటే ఎవరో ఒకరు ఆ మూడు మీటలు నొక్కాలి. ఆ జిమ్మేదారీ కస్టమర్ది కాదు, దుకాణందారుదే అంటాను. వేలిముద్ర వేసి పోయే ఖాలాకి కుకీ సంగతేం తెలుసు?

అంతవరకూ మన జాగ్రత్త మనది. ఇన్‌కాగ్నిటో కిటికీలో పని చేసుకుని, సైన్ అవుట్ అయి, ఆ కిటికీలన్నీ మూసేస్తే పర్చీలు పోతాయి. మామూలు కిటికీలో అయితే ముందు సైన్ అవుట్, తర్వాతే క్లియర్. క్రోమ్‌లోనే సైన్ ఇన్ అయి ఉంటే కుకీలు తుడిచినా గూగుల్ ఖాతా అలాగే ఉండిపోతుంది. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లని విడిగా తీసెయ్యాలి. మరిచి వచ్చేస్తే, ఫోన్‌లో గూగుల్ ఖాతా సెక్యూరిటీలోకి వెళ్లి ఆ కంప్యూటర్‌ని అక్కణ్నుంచే బయటికి పంపొచ్చు.

లేవబోతుంటే భాంజీ "మామూ, డౌన్‌లోడ్స్ చూడు" అంది. కుకీలు తుడిస్తే పోయే సామాను కాదది. ఊళ్లోవాళ్ల ఆధార్ పీడీఎఫ్‌లు వరసగా ఉన్నాయి. కుర్రాణ్ని పిలిచి చూపించాను.

"సాయంత్రం తీసేస్తాలే భాయ్" అన్నాడు.

"ఇప్పుడే తియ్యి, నేను కూర్చుంటా" అన్నాను.