చార్టు మీద పంట పండదు

పోయిన నెల సంఘం పని మీద నిజామాబాద్ నుంచి వచ్చి కాచిగూడలో రైలు దిగాను. పని అయ్యాక, ఉస్మానియాలో పీజీ చదివే మా తమ్ముడి కొడుకును చూసొద్దామని హాస్టలుకు పోయాను. పుస్తకాలు మూలకున్నాయి. లాప్‌టాప్ నిండా ఎర్ర, పచ్చ కడ్డీలు, వాటి మీద రంగురంగుల గీతలు.

"ఏందిరా ఇది?"

"చార్టు పెద్దబాపూ. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో ఇదే చెప్తది."

తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టి నేర్చుకున్నాడట. గట్టిగా అడిగితే నీళ్లు నమిలాడు. వాళ్ల నాయన పసుపు అమ్మి పంపిన లక్షా ఇరవై వేలు నాలుగు నెలల్లో ఆప్షన్లలో పోయాయి. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి యార్డుకు చేర్చిన ఏడాది కష్టమది.

ఇంతకీ ఆ గీతల్లో ఏముంది? మూవింగ్ యావరేజ్ అంటే గడిచిన కొన్ని రోజుల ధరల సగటు. ఆర్‌ఎస్‌ఐ అంటే, మామూలుగా గడిచిన 14 రోజుల్లో ధర పెరిగిందెంత, పడిందెంత అన్న లెక్క. ఎంఏసీడీ అంటే రెండు సగటుల మధ్య తేడా. అన్నీ నిన్నటి ధరల నుంచి పుట్టినవే. రేపటి అంకె ఒక్కటీ లేదు. నిరుటి వానల పట్టిక చూసి, ఈ ఏడు ఫలానా రోజున వాన పడుతుందని విత్తనం వేసే రైతు ఉంటాడా?

2009 జనవరి 7న మన హైదరాబాద్ కంపెనీ సత్యం అధినేత లెక్కలు తప్పుడివని ఉత్తరం రాశారు. ఆ ఒక్క రోజే షేరు ధరలో నాలుగింట మూడొంతులు ఎగిరిపోయింది. ముందు రోజు ఏ గీత చెప్పింది ఈ సంగతి?

ఇది నా ఒక్కడి కోపం కాదు. సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. పోయింది 1.8 లక్షల కోట్లు. 2023-24లో అందులో ఉన్నవాళ్లలో నూటికి 43 మంది ముప్పై ఏళ్లలోపు పిల్లలు. అదే ఏడాది, ఖర్చులు తీయకముందు, సొంత పెట్టుబడితో ఆడే సంస్థలకు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలకు 28,000 కోట్లు లాభం. ఆ లాభంలో దాదాపు అంతా కంప్యూటర్లు వాటంతటవే చేసిన వ్యాపారం నుంచే. వాటి ముందు మన పిల్లగాడి లాప్‌టాప్ ఎంత? బ్రోకరేజీ, పన్నుల వంటి ఖర్చుల కిందే వ్యక్తులు మూడేళ్లలో సుమారు 50,000 కోట్లు కట్టారు. ధర లేచినా పడినా యార్డులో అడ్తి ఆగుతుందా? ఇదీ అంతే.

షేర్లు కొనడమే తప్పని నేననను. మిగులు డబ్బుతో కంపెనీని తెలుసుకుని కొని, ఏళ్లపాటు ఉంచుకునేవారి దారి వేరు. పంట డబ్బును, ఫీజు డబ్బును గీతల మీద పెట్టమనేవారితోనే నా తగాదా.

వాడు ఒక మాటన్నాడు: "మీ సాగు మాత్రం జూదం కాదా పెద్దబాపూ?" ఆ మాట గుచ్చుకుంది. పసుపుకు కనీస మద్దతు ధర లేదు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు ప్రారంభించారు గానీ, ధరకు హామీ రాలేదు. సాగును జూదం చేసింది పాలకులు. అయినా పంట పోతే నేల మిగులుతుంది. కొన్న ఆప్షన్ లెక్క తప్పి గడువు తీరితే ఏం మిగులుతుంది?

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! పంట రుణం, కుదువ పెట్టిన బంగారం డబ్బు ఈ ఆటలోకి పోనీయకండి. నష్టపోయిన పిల్లలను తిట్టకండి, దాచుకుని కుమిలిపోతారు. దగ్గర కూర్చోబెట్టుకుని లెక్క అడగండి. గ్రామ కమిటీల్లో ఈ అంకెలు చదివి వినిపించండి. లాభం ఖాయమని ఆశచూపే కోచింగ్‌ల మీద చర్యలు, పసుపుతో సహా పంటలకు చట్టబద్ధమైన మద్దతు ధర, చదివిన పిల్లలకు ఉద్యోగాలు. ఈ మూడూ కలిపి అడుగుదాం. పొలంలో గిట్టుబాటు ఉంటే పిల్లలు గీతల్లో బతుకు వెతుక్కోరు.